బీరువాలో పెట్టక్కర్లేని మైక్రోస్కోప్: ఫోల్డ్‌స్కోప్‌తో మా బడిలో రెండేళ్లు

నేను బయాలజీ టీచర్‌గా చేరి 19 ఏళ్లయింది. మొదట పనిచేసిన బడిలో రెండు మైక్రోస్కోపులు ఉండేవి. పాత దిండుగలీబుల్లో చుట్టి ఇనుప బీరువాలో పెట్టేవారు. బీరువా తాళం ఒకరి దగ్గర, స్టాక్ రిజిస్టర్ ఇంకొకరి దగ్గర. ఏడాదికోసారి కణం పాఠం వచ్చినప్పుడు బయటికి తీయమని అడిగేదాన్ని. "పగిలితే ఎవరమ్మా కట్టేది? రేపు ట్రాన్స్‌ఫర్ అయితే ఛార్జి అప్పజెప్పేటప్పుడు ఏం చెప్తావు?" అనేవారు పెద్ద మాస్టారు. ఆయన భయంలో తప్పేమీ లేదు. ఆ ధర ఆయన జీతంలోంచి పోయే అవకాశం నిజంగానే ఉంది.

ఎలాగో బతిమాలి ఒకటి తీయించేదాన్ని. 54 మంది వరసలో నిలబడేవారు. ఒక్కొక్కరికి పది సెకన్లు. "ముట్టుకోకు, చూసి జరుగు" అని అరిచేది నేనే. కన్ను అద్దం దగ్గరికి చేరేలోపే వెనకవాడు తోసేవాడు. వాళ్లలో చాలామందికి కనిపించింది తమ కనురెప్పల వెంట్రుకల నీడేనని నాకు తెలుసు. అయినా అందరూ "కనిపించిందండీ" అనేవారు. ఆ మాట వింటే ఇంటికి వెళ్లాక కూడా మనసు బాగుండేది కాదు. నాలుగో ఏడు తీసి చూస్తే ఒకదాని లెన్సు మీద బూజు సాలెగూడులా అల్లుకుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గాలాడని బీరువాలో పెడితే అంతే. ఒక్క పిల్లాడు కూడా సరిగ్గా వాడకుండానే అది పాడైపోయింది.

అందుకే బడికి ఏ పరికరం కొనాలన్నా నేను మొదట అడిగేది ఒక్కటే: ఇది ఎంతమంది చేతుల్లోకి వెళ్తుంది? ఎంత పెద్దగా చూపిస్తుందన్నది ఆ తర్వాతి సంగతి. ఈ రివ్యూ అంతా ఆ లెక్కతోనే రాస్తున్నాను. మీరు పరిశోధన కోసం మైక్రోస్కోప్ వెతుకుతున్నవారైతే ఇందులో మీకు పనికొచ్చేది తక్కువే.

ఇప్పుడు భీమవరం దగ్గర ఒక పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చేస్తున్నాను. రెండేళ్ల కిందట మా పాత విద్యార్థి ఒకడు అమెరికా నుంచి సెలవులకు వస్తూ, "మేడమ్, బడికి ఏం తెమ్మంటారు?" అని అడిగాడు. ఫోల్డ్‌స్కోపులు తెమ్మన్నాను. 20 ఉన్న తరగతి సెట్ తెచ్చాడు. ఏడాది తర్వాత పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని ఇంకో 20 ఇచ్చారు.

ఫోల్డ్‌స్కోప్ అంటే కాగితాన్ని మడిచి చేసుకునే మైక్రోస్కోప్. మీరట్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో చదివి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన మనూ ప్రకాష్, ఆయన దగ్గర పరిశోధన చేసిన జిమ్ సిబుల్‌స్కీ కలిసి దీన్ని తయారుచేశారు. 2014లో పరిశోధన పత్రం వెలువడింది. విడిభాగాల ఖర్చు ఒక డాలర్ లోపే ఉండాలన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2015లో వాళ్లతో కలిసి పనిచేయడం మొదలుపెట్టి, బడులకూ కాలేజీలకూ వీటిని చేర్చింది. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికి 10 లక్షలకు పైగా చేతుల్లోకి వెళ్లాయి.

పెట్టె తెరిస్తే కనిపించేవి కాగితం షీట్లు, చిన్న అయస్కాంతాలు, లెన్సు. కాగితం అన్నానని నోట్‌బుక్ కాగితం అనుకోకండి. నీళ్లు పడినా నానదు, చింపుదామన్నా అంత తేలిగ్గా చిరగదు. గీతల వెంట ముక్కలు విడదీసి, చెప్పిన వరసలో మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చాలి. జిగురు అవసరం లేదు. పిల్లల కోసం నేను ఆ వరసంతా తెలుగులో చార్టు మీద బొమ్మలతో రాసి గోడకు అంటించాను. మొదటిసారి 45 నిమిషాల పీరియడ్ చాలలేదు. పక్క పీరియడ్ లెక్కల మాస్టారిని అడిగి తీసుకున్నాను. మీరు చేయించేటప్పుడు మొదటి రోజు రెండు పీరియడ్లు కలిపి పెట్టుకోండి. హడావుడి చేస్తే మడతలు తిరగబడతాయి.

ఈ మడిచే పనిలోనే దీని గొప్పతనం సగం ఉందని నాకు అనిపిస్తుంది. తన చేత్తో చేసినదాన్ని పిల్లలు చూసుకునే తీరు వేరు. లోపల ఏముందో ముందే చూశారు కాబట్టి అది వాళ్లకు మాయపెట్టె కాదు. లెన్సు ఎక్కడుంది, స్లైడు ఎక్కడ దూరుతుంది, ఏ పట్టీ లాగితే ఫోకస్ మారుతుంది, ఇవన్నీ అడక్కుండానే చెప్తారు. పాత మైక్రోస్కోప్ బొమ్మ గీయించి భాగాలు గుర్తించమంటే బట్టీ పట్టినవాళ్లు, దీని భాగాలు బట్టీ పట్టలేదు.

ఇందులో లెన్సు అంటే ఒక గాజు గోళీ. పిల్లలకు నేను ఇక్కడి నుంచే పాఠం మొదలుపెడతాను. ముందు సన్నని రాగి తీగ చివర చిన్న రింగు చేసి, నీళ్లలో ముంచి తీయమంటాను. రింగులో నీటి బొట్టు నిలుస్తుంది. దాంట్లోంచి పుస్తకంలో అక్షరం చూస్తే పెద్దదవుతుంది. బొట్టు చిన్నదైతే అక్షరం ఇంకా పెద్దగా కనిపిస్తుంది. "చిన్నదైతే పెద్దగా ఎందుకు కనబడుద్దండీ?" అని ఎవరో ఒకరు అడక్క మానరు. అప్పుడు లెక్క చేస్తాం. వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.52 ఉన్న గాజు గోళీకి నాభ్యంతరం, అంటే ఫోకల్ లెంగ్త్, దాని వ్యాసంలో సుమారు 0.73 వంతు. మనం హాయిగా చూడగలిగే దూరం 250 మి.మీ. అనుకుంటాం. 250ని నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో వస్తుంది. మా ఫోల్డ్‌స్కోప్ చూపే 140 రెట్లు కావాలంటే గోళీ వ్యాసం 2.4 మి.మీ. ఉండాలి. ఆవగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. పదో తరగతి భౌతికశాస్త్రం పాఠంలో లెన్సు సూత్రం చూసి భయపడే పిల్లలు ఈ లెక్కను ఇష్టంగా చేశారు.

ఈ ఒంటి గోళీ పద్ధతి కొత్తదేమీ కాదు. గాజును సన్నని దారంలా సాగదీసి, దాని కొసను మంటలో కరిగిస్తే చిన్న గోళీ తయారవుతుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లోనే రాశాడు. హాలెండ్‌లో డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ రెండు ఇత్తడి రేకుల మధ్య ఒక్క చిన్న లెన్సు బిగించి, 1670లలో చెరువు నీళ్లలోని సూక్ష్మజీవులను చూశాడు. తన పళ్ల మీది పాచిలో కదిలే జీవులను చూసి 1683లో లండన్‌కు ఉత్తరం రాశాడు. లెన్సులు ఎలా చేసేవాడో బతికున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇత్తడి రేకులు విప్పితే పాడవుతాయని ఆ తర్వాతి వాళ్లూ వాటి జోలికి వెళ్లలేదు. చివరికి 2021లో శాస్త్రవేత్తలు న్యూట్రాన్ కిరణాలతో లోపలికి చూశారు. ఆయన చేసినవాటిలో బాగా శక్తిమంతమైన ఒక మైక్రోస్కోప్‌లో ఉన్నది హుక్ చెప్పినట్టు కరిగించి చేసిన గోళీయే. బట్టల వ్యాపారులు పోగులు లెక్కపెట్టడానికి వాడే భూతద్దంతో మొదలైన మనిషి అక్కడిదాకా వెళ్లాడని చెప్తే, మా క్లాసులో నాన్నకు బట్టల కొట్టున్న అమ్మాయి ఆ రోజంతా తల ఎత్తుకుని తిరిగింది.

ఇక వాడకం సంగతి. స్లైడును దూర్చి, కన్ను లెన్సుకు దాదాపు ఆనేంత దగ్గరగా పెట్టి, వెలుతురు వైపు తిరిగి చూడాలి. రెండు బొటనవేళ్లతో పట్టీలను అటూ ఇటూ జరిపితే బొమ్మ జరుగుతుంది. లోపలికి నొక్కినా, బయటికి లాగినా ఫోకస్ మారుతుంది. ఇది అలవాటు కావడానికి టైం పడుతుంది. మొదటి రోజు సగం మందికి ఏమీ కనిపించదు. టెన్షన్ పడొద్దు. కళ్లజోడు ఉన్న పిల్లలు జోడు తీసి చూస్తే తేలిక, ఫోకస్ వాళ్లే సరిచేసుకుంటారు. రెండో కన్ను మూయకుండా చూడమనండి, లేకపోతే పావుగంటకే తలనొప్పి అంటారు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. సూర్యుడి వైపు పెట్టి చూడకూడదు. ఎప్పుడూ, ఎవరూ. వెలుతురు కోసం ఆకాశం వైపు, తెల్ల గోడ వైపు, లేదా దీంతో వాడుకునే చిన్న ఎల్‌ఈడీ లైటు వైపు చూడాలి. నా చార్టులో మొదటి లైను అదే, ఎర్ర సిరాతో.

ఏం కనిపిస్తుంది? ఉల్లిపొర తీసి, సఫ్రానిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి పెడితే గదులు, గదుల్లో కేంద్రకాలు స్పష్టంగా కనిపిస్తాయి. చెరువు పాచి పోగుల్లో స్పైరోగైరా పచ్చని మెలికలు చూసిన పిల్ల "జడ అల్లినట్టుందండీ" అంది. రోటిఫర్లనే బుల్లి నీటి జీవులు తల దగ్గర చక్రాలు తిప్పుతున్నట్టు కనిపిస్తాయి. వాటిని చూసిన రోజు క్లాసును ఇంటర్వెల్‌కు పంపడం నా వల్ల కాలేదు. మందార పుప్పొడి ముళ్ల బంతిలా ఉంటుంది. నీళ్ల తొట్టిలో దోమ లార్వా శ్వాస గొట్టం, చీమ కాలి గోళ్లు, ఈగ కంటి గూళ్లు, అన్నీ బాగుంటాయి. ఇవన్నీ ఏ వీడియోలోనైనా చూడొచ్చు కదా అంటారు. నిజమే. కానీ వీడియోలో ఈగ వేరెవరిదో. ఇది వాడి ఇంట్లో చట్నీ గిన్నె మీద వాలిన ఈగ.

మా ఊరికి అసలు పనికొచ్చింది మాత్రం వరి ఆకు. గత ఏడాది దాళ్వాలో (రెండో పంటలో), తెల్లవారుజామున మంచు బాగా కురిసే రోజుల్లో, తొమ్మిదో తరగతి కుర్రాడొకడు మచ్చలున్న ఆకులు తెచ్చాడు. "అగ్గితెగులంటున్నారండీ, కాదని మా పెదనాన్న అంటన్నాడు. చూద్దామాండీ?" అన్నాడు. మచ్చలు కొన్ని నూలు కండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో ఉన్నాయి. కొన్ని నువ్వుగింజల్లా గుండ్రంగా, గోధుమ రంగులో ఉన్నాయి. పాతబడ్డ ఆకుల మీద ఈ రెండూ తేలిగ్గా కలిసిపోతాయి. ఆకులను తడి గుడ్డతో పాటు టిఫిన్ డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచాం. తేమ తగిలితే శిలీంధ్రం కొత్త సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటివి, వేస్తుంది. మర్నాడు సెల్లో టేపు ముక్కను మచ్చ మీద అద్ది, స్లైడు మీద అంటించి చూశాం.

ఒక ఆకు మీద చిన్న చిన్న బొంగరాల్లాంటివి, ఒక చివర సూదిగా, లోపల రెండు అడ్డగోడలతో మూడు గదులుగా కనిపించాయి. అది అగ్గితెగులు. ఇంకో ఆకు మీద వాటికి నాలుగైదు రెట్ల పొడవున్న, కాస్త వంగిన, చాలా అడ్డగోడలున్న గోధుమ రంగు కడ్డీలు కనిపించాయి. అది గోధుమ మచ్చ తెగులు. ఒకే చేలో రెండూ ఉన్నాయి. అగ్గితెగులన్నవాళ్లూ గెలిచారు, పెదనాన్నా గెలిచాడు. మందు ఏది కొట్టాలో మేం చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఫోటోలు తీసి ఊళ్లో వ్యవసాయ సహాయకుడికి చూపించాం. ఆయన చేనుకు వెళ్లి చూసి చెప్పాడు. తర్వాత వారం ఆ పెదనాన్న బడికి వచ్చి, "టీచరు గారూ, ఆ కాయితం అద్దం ఓసారి ఇవ్వండి, నేనూ చూస్తాను" అన్నారు. 60 దాటిన మనిషి. ఫోకస్ దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక మాట్లాడకుండా అలాగే చూస్తూ ఉండిపోయారు.

రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలు మొప్పల ముక్క తెస్తారు. మొప్పల మీద కాడలతో అంటుకుని, గంటల గుత్తుల్లా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండే జూథామ్నియం అనే సూక్ష్మజీవిని ఇందులో చూడొచ్చు. చెరువు అడుగు బాగా లేకపోతే ఇవి పెరుగుతాయని పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకు ఇప్పుడు ఎందుకో తెలిసింది. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ వైరస్ దీంతో కనిపిస్తుందా అని ఒకాయన అడిగారు. వైరస్ ఏ మామూలు మైక్రోస్కోప్‌లోనూ కనిపించదు. దానికి ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్షే చేయించాలి.

ఇక్కడే దీని హద్దులు కూడా చెప్పాలి. కొనేవాళ్లు ముందు గమనించాల్సింది ఈ 140 అంకెనే. 2014 పరిశోధన పత్రంలో 2000 రెట్లకు పైగా చూపగల నమూనా గురించి ఉంది. దాని గోళీలు చాలా చిన్నవి. బయట అమ్మేది 140 రెట్లది, దాదాపు 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరంలో ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపగలదు. ఆ రెండు సంగతులూ కలిపేసి "2000 రెట్లు" అని చెప్పే వీడియోలు చూసి కొంటే నిరాశపడతారు. పెరుగులో బ్యాక్టీరియా చూపిద్దామనుకున్నాను, కుదరలేదు. అవి ఒక మైక్రాన్ కన్నా సన్నం. ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠంలో సగానికి ఇది సరిపోతుంది, మిగతా సగానికి 400 రెట్లు, 1000 రెట్లు చూపే మామూలు మైక్రోస్కోప్ ఉండాల్సిందే. గోళీ లెన్సు కాబట్టి బొమ్మ మధ్యలో ఎంత బాగుంటుందో అంచుల దగ్గర అంత మసకగా ఉంటుంది. ఒకేసారి కనిపించే మేర కూడా తక్కువ, చూడదలచినదాన్ని వెతుక్కోవాలి. ఒకరు చూస్తుంటే టీచర్ పక్కనుండి ఇదిగో అని చూపించే వీలుండదు.

ఆ ఇబ్బందికి సెల్‌ఫోన్ కొంత మందు. అయస్కాంతపు రింగును ఫోన్ కెమెరా మీద అంటించి, దానికి ఫోల్డ్‌స్కోప్‌ను తగిలించవచ్చు. ఇప్పటి ఫోన్లకు మూడు నాలుగు కెమెరాలుంటాయి కాబట్టి ఏది అసలు కెమెరానో ముందు వేలుతో మూసి కనిపెట్టాలి. ఒకసారి కుదిరితే 40 మంది కలిసి చూడొచ్చు. బడిలో ఫోన్ నాది ఒక్కటే కాబట్టి ఫోటోలన్నీ నా దగ్గరే పోగయ్యాయి. నా ఫోన్‌లో మా ఇంట్లోవాళ్ల ఫోటోల కన్నా పాచి ఫోటోలే ఎక్కువని మా అమ్మాయి అంటుంది.

ఫోన్‌తో ఇంకో పెద్ద లాభం దొరికింది, నేను అనుకోనిది. కొలత. ఇంత బుల్లిది, అంత బుల్లిది అనే మాటలు సైన్సులో చెల్లవు. డిగ్రీ కాలేజీలో చెప్పే నా స్నేహితురాలిని అడిగి స్టేజ్ మైక్రోమీటర్ ఒకటి అరువు తెచ్చాను. గాజు స్లైడు మీద ఒక మిల్లీమీటరును 100 భాగాలు చేసి గీసిన గీతలుంటాయి, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. దాన్ని ఫోల్డ్‌స్కోప్‌లో పెట్టి ఫోటో తీశాం. తర్వాత అదే ఫోల్డ్‌స్కోప్, అదే ఫోన్, జూమ్ ముట్టుకోకుండా అగ్గితెగులు బీజం ఫోటో తీశాం. రెండు ఫోటోలూ ఒకే సైజులో ప్రింట్ తీసి, పక్కపక్కన పెట్టి, ప్లాస్టిక్ స్కేలుతో కొలిచారు పిల్లలు. గీతల మధ్య దూరంతో పోల్చి లెక్కవేస్తే బీజం పొడవు 20 మైక్రాన్ల దగ్గర వచ్చింది. పుస్తకాల్లో ఉన్నదీ అదే. ఆరు జట్లలో ఒక జట్టుకు మాత్రం 34 వచ్చింది. ఎక్కడ తప్పిందని వెతికితే, వాళ్లు ఫోటో తీసేటప్పుడు జూమ్ మారింది. తప్పు దొరికిన ఆ జట్టే ఆ రోజు ఎక్కువ నేర్చుకుంది. మైక్రోమీటర్ తిరిగి ఇచ్చేసినా, ఆ ఫోటో మా దగ్గర ఉంది. అదే ఫోల్డ్‌స్కోప్, అదే ఫోన్ వాడినన్నాళ్లు మాకు అదే స్కేలు.

మలేరియా సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. దీని గురించి వార్తలు మొదట అలాగే వచ్చాయి, పేద దేశాల్లో జబ్బులు కనిపెట్టే చౌక మైక్రోస్కోప్ అని. బడికి వచ్చే 140 రెట్ల దాంతో మలేరియా నిర్ధారణ చేయలేం. రక్తకణాలు చుక్కల్లా కనిపించినా, లోపలి పరాన్నజీవిని గుర్తుపట్టడానికి నూనె చుక్క వేసి చూసే 1000 రెట్ల లెన్సు కావాలి. నేనైతే బడిలో పిల్లల వేళ్లకు సూది గుచ్చనివ్వను కూడా. కానీ మలేరియా కథ మాత్రం ప్రతి ఏడాదీ చెప్తాను, ఎందుకంటే అది మన దగ్గర జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక ఆడ అనాఫిలిస్ దోమను కోసి, దాని కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు చూశాడు. దోమకూ మలేరియాకూ ఉన్న ముడి అక్కడ విడింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజుల ఉక్కలో, గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దనుకుని కూర్చున్నాడు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయనీ, మిగిలిన ఒక్క కంటి కటకమూ బీటలు వారిందనీ తర్వాత రాసుకున్నాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది. ఒకసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు చూసి వచ్చాను. తుప్పు మరలు, పగిలిన అద్దం. పరికరం కొత్తగా ఉండాలనీ, మచ్చ పడకూడదనీ దాచిపెట్టిన మా పాత బీరువా గుర్తొచ్చి అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

ఇదే మనూ ప్రకాష్ ల్యాబ్ నుంచి 2017లో పేపర్‌ఫ్యూజ్ అనే ఇంకో పరికరం వచ్చింది. రక్తాన్ని గిర్రున తిప్పి కణాలనూ ప్లాస్మానూ వేరుచేసే సెంట్రిఫ్యూజ్, కరెంటు లేకుండా. ఉగాండాలో కరెంటు లేని చోట ఖరీదైన సెంట్రిఫ్యూజ్‌ను తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టి ఉండటం చూశాక ఈ ఆలోచన వచ్చిందట. మూలం మనందరికీ తెలిసిన ఆటే. చొక్కా గుండీ రంధ్రాల్లోంచి దారం దూర్చి, రెండు చేతుల్తో మెలితిప్పి, లాగి వదిలి, లాగి వదిలి తిప్పేవాళ్లం కదా, అదే. సాద్ భామ్లా అనే శాస్త్రవేత్త ఆ దారం మెలికల లెక్క తేల్చి, కాగితపు బిళ్లతో నిమిషానికి 1,25,000 చుట్లు సాధించాడు. ఖర్చు 20 సెంట్లు. దీన్ని మేం కొనలేదు, అట్టముక్కతో చేసుకున్నాం. రక్తం జోలికి పోకుండా, సన్నని ప్లాస్టిక్ గొట్టంలో పసుపు కలిపిన నీళ్లు పోసి, రెండు చివరలూ మూసి, బిళ్లకు టేపుతో అంటించి తిప్పారు. పసుపు ఒక చివరకు చేరింది. గొట్టం ఊడి మొహాన తగలకుండా టేపు రెండు చుట్లు వేయించండి, చేతులు బాగా దూరంగా పెట్టుకుని తిప్పమనండి. నాకు ఇది ఫోల్డ్‌స్కోప్ అంత రోజువారీగా ఉపయోగపడలేదు, ఒక పీరియడ్ ప్రయోగంగా మాత్రం బ్రహ్మాండం.

శుభ్రం గురించి కూడా చెప్పాలి. లెన్సు మీద వేలు పడితే బొమ్మంతా పొగమంచు. మెత్తటి నూలుగుడ్డతో, ఉఫ్ మని ఊది, నెమ్మదిగా తుడిస్తే చాలు. మేం ఒక్కోదాన్ని పాత శుభలేఖ కవర్లో పెట్టుకుంటాం, ఇక్కడ పెళ్లిళ్లకు లోటు లేదు. 40లో రెండు పోయాయి. ఒకటి కాలవలో పడి కొట్టుకుపోయింది, ఇంకోటి మేక నమిలింది. ఆ ఇద్దరు పిల్లలూ ఏడుస్తూ వచ్చారు. ఏం ఫర్వాలేదు అని మనస్ఫూర్తిగా అనగలిగాను. పాత మైక్రోస్కోప్ అయితే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

మరి కొనాలా అంటే, బడికైతే ఆలోచించక్కర్లేదు, కొనండి. ఒకటీ రెండూ కొని టేబుల్ మీద పెడితే మళ్లీ వరసే, మళ్లీ పది సెకన్లే. ఇద్దరికి ఒకటైనా ఉండేలా కొనండి, కుదిరితే మనిషికొకటి. దాంతోపాటు మామూలు మైక్రోస్కోప్ ఒకటి బడిలో ఉంచండి. ఇందులో చూసి ఇంకా లోపలికి చూడాలనిపించినవాళ్లకు అది కావాలి. ఇంట్లో పిల్లలకు కొనేవాళ్లు మొదటి వారం పక్కన కూర్చోండి. ఒంటరిగా వదిలేస్తే ఫోకస్ దొరక్క పక్కన పడేస్తారు. పదేళ్లలోపు పిల్లలకు మడతలు పెద్దవాళ్లు చేసిపెట్టడమే మంచిది. ఇంటర్, డిగ్రీ వాళ్లు పరీక్ష ప్రాక్టికల్స్ కోసమైతే కొనకండి, అక్కడ అడిగేది మామూలు మైక్రోస్కోపే.

మొన్న ఏప్రిల్‌లో పదో తరగతి పిల్లలు పరీక్షలు రాసి వెళ్లిపోయే ముందు, తమ కవర్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. 14 మంది. "ఇవి ఇచ్చేసి వెళ్లాలాండీ?" అని అడిగింది ఆ బట్టల కొట్టు అమ్మాయి. ఇంటికి తీసుకెళ్లమన్నాను. వెళ్లాక హెచ్‌ఎం గారి దగ్గర స్టాక్ రిజిస్టర్ తెరిచి, ఫోల్డ్‌స్కోప్ వరసలో 14 తీసేసి, పక్కన ఏం రాయాలా అని ఇద్దరం కాసేపు ఆలోచించాం. "విద్యార్థులు వాడుచున్నారు" అని రాశాను. ఆవిడ సంతకం పెట్టారు.